రాచపుండును చుట్టుముట్టు కావలికణములు

వైద్యుని యొద్దకు పోయిన ప్రతి రోగియు రెండు ప్రశ్నలు వేయును. 'నా జబ్బేమి?' అనునది మొదటిది. 'ఇది నయమగునా?' అనునది రెండవది. మొదటి ప్రశ్నకు చెప్పు సమాధానమును రోగనిర్ణయ మందురు. రెండవ ప్రశ్నకు చెప్పు సమాధానమును ఈ వ్యాసమున 'భవితవ్యసూచన' అని వ్యవహరింతును. పేరు క్రొత్తగా తోచినను పని క్రొత్తది కాదు. మన ప్రాచీన వైద్యులు వ్యాధులను సుఖసాధ్యములు, కృచ్ఛ్రసాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించిరి. సులభముగా కుదురునవి మొదటివి. కష్టముమీద కుదురునవి రెండవవి. పూర్తిగా పోక, పథ్యముతోను ఔషధముతోను అదుపులో నుండునవి యాప్యములు. చికిత్సకు పూనుకొనక ముందే వైద్యుడు ఈ విచారణ చేయవలెనని చరకసంహిత చెప్పుచున్నది.

ఈ విచారణ మిక్కిలి కష్టమగు రోగములలో పెద్దప్రేగునకు, మలాశయమునకు వచ్చు రాచపుండు ఒకటి. నేడు దానిని అందరును క్యాన్సరు అనియే పిలుచుచున్నారు. ఒకే వయస్సు, ఒకే పరిమాణము గల పుండు, ఒకే విధమగు శస్త్రచికిత్స; అయినను ఇద్దరు రోగులలో ఒకడు ఇరువది యేండ్లు సుఖముగా జీవించును, రెండవవానికి రెండేండ్లలోనే జబ్బు తిరుగబెట్టును. ఈ భేదమునకు కారణమేమి? పుండునందే దానిని వెదకుచు వైద్యులు చాలకాలము గడపిరి. గడచిన ఇరువది సంవత్సరములలో వారి దృష్టి పుండు చుట్టును చేరియుండు మన శరీరపు కావలికణములమీదికి మరలినది. వానిని గుర్తుపట్టు విధానమును, వానివలన తెలియు విషయములును ఈ పాఠమునకు వస్తువు.

ముందుగా రోగమును గూర్చి కొంత చెప్పవలెను. పెద్దప్రేగు సుమారు అయిదడుగుల పొడవు గలది. దాని లోపలి పొరమీద ఒక్కొక్కప్పుడు చిన్న పిలకవంటి కండ పెరుగును. అట్టి పిలకలలో అనేకము జీవితాంతము నిరపాయముగనే యుండును. కొన్ని మాత్రము నెమ్మదిగా, సాధారణముగా పదియేండ్ల కాలములో, క్యాన్సరుగా మారును. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారము ప్రపంచమున ఆ యేట 19 లక్షలకు పైగా జనులకు ఈ వ్యాధి క్రొత్తగా కలిగినది; 9 లక్షలమంది మరణించిరి. మన దేశమున ఆ సంఖ్య సుమారు 70 వేలు. జనసంఖ్యతో పోల్చి చూచిన పాశ్చాత్యదేశములకంటె మనకు తక్కువయే. కాని మన ఆసుపత్రులకు వచ్చు రోగులలో ఏబది యేండ్లలోపువారు గణనీయముగా నుండుటయు, రోగము ముదిరిన పిదప వచ్చువారు ఎక్కువగా నుండుటయు విచారకరములు.

ఇట్టి లెక్కలు ఊరక పుట్టవు. భారత వైద్యపరిశోధనామండలి 1981వ సంవత్సరాంతమున జాతీయ క్యాన్సరు నమోదు కార్యక్రమమును ప్రారంభించి, ఒక నగరపు జనులందరిలో క్యాన్సరు సోకినవారిని పేరు పేరున లెక్కించుటకు బొంబాయి, మదరాసు, బెంగుళూరు నగరములను తొలుత ఎన్నుకొనినది. మన నగరమున ఆ భారము వహించినది హోసూరు రోడ్డునందలి కిద్వాయి స్మారక సంస్థ. దేశనాయకుడు రఫీ అహమ్మదు కిద్వాయి పేర 1973లో ఏర్పడిన ఆ ఆసుపత్రి మీలో పలువురికి బస్సులో పోవుచు చూచినదే. చిత్తూరు, అనంతపురము, కోలారు ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారి పలుకులు ఆ ఆవరణమున వినబడని దినముండదు.

వారు ఆలస్యముగా వచ్చుటకు గల ముఖ్యకారణమును ఇచ్చట దాచక చెప్పుట మంచిది. మలముతో రక్తము పడినచో మన యిండ్లలో దానిని మూలశంక అని తలతుము. బిడియముచే ఇంటివారికైనను చెప్పము. నేనెరిగిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పదునాలుగు నెలలు మూలశంకకు లేపనములు వాడి, మజ్జిగ త్రాగి, కారము మాని, తుదకు ముఖము పాలిపోయి రక్తహీనముకాగా అప్పుడు పరీక్షకు పోయెను. మూలశంక యున్నవానికి క్యాన్సరు ఉండరాదను నియమ మేమియు లేదు. రెండును ఒకేచోట ఉండవచ్చును. అది వేరొక పాఠము, ప్రకృతమునకు వత్తము.

పుండు ఎంతవరకు పాకినదో కొలిచి భవితవ్యమును సూచించు పద్ధతిని 1932లో లండనునందు కత్బర్టు డ్యూక్సు అను వైద్యుడు మలాశయపు క్యాన్సరునకు ఏర్పరచెను. ప్రేగుగోడ లోపలనే యున్నచో ఒక దశ, గోడను దాటినచో రెండవది, సమీపమునందలి లింఫు గ్రంథులకు చేరినచో మూడవది. నేడు వాడుకలోనున్న నాలుగుదశల విభజనయు ఈ దారిలోనిదే. దూరముననున్న కాలేయము, ఊపిరితిత్తులు మొదలగు అవయవములకు ప్రాకినది నాలుగవ దశ. ఈ పద్ధతి మంచిదే. తొంబది యేండ్లకు పైగా వైద్యులకు మార్గము చూపినది. కాని దీనియందొక లోపము కలదు. శత్రువు ఎంతదూరము వచ్చెనో ఇది చెప్పును గాని, కోటలో కావలి ఎంతమంది యుండిరో చెప్పదు.

కావలి యున్నదను ఊహ పాతదే. జీవకణము పరాయి వస్తువును మ్రింగుటను మెచ్నికాఫు 1882లో చూచెను. మన శరీరమున పుట్టు క్యాన్సరు కణములను శరీరమే అణచివేయుచుండవలెనని పాలు ఎర్లికు 1909లో అనుమానించెను. ఈ ఇరువురును 1908లో నోబెలు బహుమానమును పంచుకొనినవారే. 1961లో జాక్వెసు మిల్లరు, అంతవరకు నిరుపయోగమని పలువురు తలచిన థైమసు గ్రంథియే రోగనిరోధక కణములకు శిక్షణాలయ మని నిరూపించెను. అచ్చట తర్ఫీదు పొందిన తెల్లరక్తకణములకు ఆ గ్రంథి పేరులోని మొదటి అక్షరమునుబట్టి 'టి' కణములని పేరు వచ్చినది.

అయితే చిక్కొకటి యుండెను. సూక్ష్మదర్శినిలో చూచినచో ఈ చిన్న తెల్లకణములన్నియు ఒకే రూపముననుండును: గుండ్రని నల్లని కేంద్రము, దానిచుట్టు సన్నని అంచు. శత్రువును చంపునది యేది, చంపువానికి సాయపడునది యేది, చంపకుడని ఆపునది యేది, కంటికి తెలియదు. సంతలో గుమిగూడిన జనములో తలారి యెవడో, దొంగ యెవడో, వేడుక చూచువా డెవడో దూరమునుండి గుర్తింపలేనట్లే ఇదియు.

మీ తాతలనాటి కచేరీలలో బిళ్ళబంట్రోతు లుండెడివారు. ఇత్తడిబిళ్ళ మీద నున్న అక్షరములనుబట్టి వాడు తహశీలుదారు బంట్రోతా, మునసబు కోర్టు బంట్రోతా అని చెప్పగలిగెడివారు. మన కణములును అట్టి బిళ్ళలను ధరించియున్నవి. అవి కణపు పైపొరమీద నుండు మాంసకృత్తులు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క బిళ్ళ. వానిని చదువుటకు సాధనము 1975లో దొరకినది. కేంబ్రిడ్జిలో కోలరు, మిల్‌స్టీను అను శాస్త్రజ్ఞులు ఒకే ఒక లక్ష్యమునకు మాత్రము అంటుకొను ప్రతిరక్షకమును కావలసినంత తయారుచేయు ఉపాయమును కనుగొనిరి. 1984లో వారికి నోబెలు బహుమానము లభించినది. అటుపిమ్మట ప్రతి ప్రయోగశాలయు తనకు తోచిన బిళ్ళలను కనిపెట్టి తనకు తోచిన పేర్లు పెట్టసాగినది. గందరగోళము మిక్కుటమై, 1982లో పారిసున సమావేశము జరిపి, అందరును ఒప్పుకొను వరుససంఖ్యలను ఏర్పరచిరి. ఆ సంఖ్యలకు ముందు 'సి.డి.' అను అక్షరములు వ్రాయుదురు.

వీనిలో ఈ పాఠమునకు కావలసినవి కొన్నియే. సి.డి.3 అను బిళ్ళ టి కణము లన్నిటికిని ఉండును. సి.డి.8 గలవి శత్రుకణమునకు ఆనుకొని, దాని గోడకు రంధ్రము చేసి, లోనికి విషద్రవ్యములను పంపి చంపునవి. సి.డి.4 గలవి సాధారణముగా సహాయకులు. సి.డి.45 ఆర్.ఓ. అను బిళ్ళ మునుపు ఒకమారు శత్రువును చూచి జ్ఞాపకముంచుకొనిన అనుభవజ్ఞులది. ప్రతిరక్షకములను చేయు 'బి' కణములకు సి.డి.20, మ్రింగుడు కణములకు సి.డి.68 గుర్తులు.

చదువు విధము చూడుడు. శస్త్రచికిత్సలో తీసివేసిన ప్రేగుముక్కను ఫార్మలినులో నుంచి, మైనపు దిమ్మలో బిగించి, వెండ్రుక మందములో పదియవ వంతుకంటె పలుచగా పొరలు కోయుదురు. గాజుపలకపై పరచిన ఆ పొరమీద సి.డి.8ని మాత్రమే అంటుకొను ప్రతిరక్షకమును పోసి, అంటనిదానిని కడిగివైచి, మిగిలినదానికి రంగు వచ్చునట్లు చేయుదురు. అప్పుడు సూక్ష్మదర్శినిలో లేతనీలపు భూమిమీద ఆ బిళ్ళగల కణములు మాత్రము గోధుమరంగు చుక్కలై కనబడును. మైనపు దిమ్మలు ఏండ్లతరబడి చెడవు. కావుననే, పదియేండ్ల క్రింద తీసిన ముక్కను ఇప్పుడు పరీక్షించి, ఆ రోగి తరువాత ఏమయ్యెనో చూచి, రెంటిని పోల్చుట సాధ్యమైనది.

సరిగా ఆ పనినే పారిసున జెరోము గ్యాలను, అతని సహచరులు చేసిరి. అనుభవజ్ఞులగు టి కణములు దండిగా నున్న పుండ్లలో వ్యాధి పరిసరములకు ప్రాకు సూచనలు తక్కువయని 2005లో ప్రకటించిరి. 2006లో 'సైన్సు' పత్రికలో వారు ప్రకటించిన వ్యాసము మరింత ముఖ్యమైనది. కణముల జాతి, సాంద్రత, అవి నిలిచియున్న తావు, ఈ మూడును కలిపి చూచినచో భవితవ్యము పాత దశల విభజనకంటె మేలుగా తెలియునని వారు చూపిరి. తావును గూర్చిన మాట గమనింపదగినది. పుండునడుమ నున్న కణములను వేరుగను, పుండునకును ఆరోగ్యముగా నున్న ప్రేగునకును సరిహద్దున నున్న కణములను వేరుగను లెక్కించిరి. సరిహద్దున మాత్రమే కావలి యుండి, నడుమకు ప్రవేశింపలేకపోయిన పుండు ఒక విధము. రెండు తావులలోను నిండియున్నది మరియొక విధము. రెండింటను శూన్యమైనది మూడవది.

దీనినుండియే 'ఇమ్యూనోస్కోరు' అను గణన పుట్టినది. సి.డి.3, సి.డి.8 అను రెండు బిళ్ళలు; నడుమ, సరిహద్దు అను రెండు తావులు; వెరసి నాలుగు లెక్కలు. ఒక్కొక్క లెక్కను ఇతర రోగుల లెక్కలతో పోల్చి, నూటికి ఎన్నవ స్థానమున నున్నదో చూతురు. మీ మార్కులు ఎన్ని యనికాక, నూరుమందిలో మీరు ఎంతమందికంటె ముందున్నారని చూచుటవంటిది ఇది. నాలుగు స్థానముల సగటు 25 లోపైనచో తక్కువ, 70 దాటినచో ఎక్కువ, నడుమ నున్నది మధ్యమము. మనుష్యుడు కన్నుతో లెక్కించిన అలసటచేత తప్పులు వచ్చునని, గాజుపలకల బొమ్మలను యంత్రమునకిచ్చి లెక్కింతురు.

ఒక ఊరి ఫలితము మరియొక ఊర నిలుచునా? ఈ శంక సహజము. అందుచే 13 దేశములందలి 14 కేంద్రములు కలిసి, మొదటి మూడు దశలలోనున్న 2,681 మంది పెద్దప్రేగు రోగుల ముక్కలను పరీక్షించి, 2018లో 'లాన్సెట్టు' పత్రికలో ఫలితములను ప్రకటించినవి. మన దేశమునుండి అహమదాబాదునందలి గుజరాతు క్యాన్సరు పరిశోధనా సంస్థ అందు పాల్గొనినది. మొదటగా పరీక్షించిన 700 మందిలో అయిదేండ్లలోపల జబ్బు తిరుగబెట్టినవారు, ఎక్కువ స్కోరు గలవారిలో నూటికి 8, మధ్యములలో 19, తక్కువవారిలో 32. తక్కిన వర్గములలోను ఇదే వరుస కనబడినది.

ఈ అంకెలను తొందరపడి చదువరాదు. కావలి తక్కువైన నూరుగురిలో 32 మందికి జబ్బు తిరుగబెట్టిన మాట నిజమే. 68 మందికి ఆ గడువులో తిరుగబెట్టలేదనుటయు అంతే నిజము. ఎదుట కూర్చున్న రోగి ఏ పక్షమున నుండునో ఏ బిళ్ళయు చెప్పదు. జాతకము వలె దీనిని చదువువారు రోగికి అన్యాయము చేయుదురని నా అభిప్రాయము.

అయినచో దీనివలన ప్రయోజన మేమి? రెండవ దశ రోగి సంగతి చూడుడు. పుండు ప్రేగుగోడను దాటినది, గ్రంథులకు చేరలేదు. శస్త్రచికిత్సతోనే చాలమందికి నయమగును. మందులు కూడ ఇచ్చినచో కొలదిమందికి మాత్రమే అదనపు మేలు. బాధలు మాత్రము అందరికి. ఎవరికి ఇయ్యవలెను, ఎవరికి మానవలెను? కూలిపని మాని మూడునెలలు ఆసుపత్రిచుట్టు తిరుగవలసిన కుటుంబమునకు ఇది పుస్తకపు ప్రశ్న కాదు. ఐరోపా క్యాన్సరు వైద్యుల సంఘము 2020లో తన మార్గదర్శకములందు, పాత దశావిభజనతోపాటు ఈ స్కోరును కూడ గమనింపవచ్చునని వ్రాసినది. మూడవ దశ రోగులలో ఆరునెలల మందులవలన మూడునెలలకంటె కలుగు అదనపు మేలు, కావలి బాగుగా నున్నవారిలోనే కనబడెనని ఫ్రాన్సునందు జరిగిన పరిశీలన తెల్పుచున్నది. మందు ఒక్కటియే పోరాడదు కాబోలు.

ఆ మందుల మాట వచ్చినది కావున ఒక తెలుగువానిని తలపక ముందునకు పోజాలను. ఈ రోగమునకు ముఖ్యమైన మందు ఫ్లోరోయురాసిలు. 1957లో హైడెల్బర్గరు దానిని లోకమునకు తెచ్చెను. దానికి పట్టు పెంచుటకై తోడుగా ఇచ్చు ఫోలినికు ఆమ్లము, ఫోలికు ఆమ్లము కుటుంబములోనిది. ఆ ఫోలికు ఆమ్లమును 1940ల నడుమ కృత్రిమముగా తయారుచేసిన లెడర్లే పరిశోధకులకు నాయకుడు, 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1948లో అమెరికాలోనే మరణించెను. మన పాఠశాలలో ఆయన పటము లేని తరగతిగది యుండరాదని నా కోరిక.

ఇంతవరకు కథ సూటిగా నడచినది. ఇక చిక్కులు. టి కణములలో కొన్ని తమవారి చేతులనే పట్టుకొని ఆపునవి కలవు. శరీరము తన్నుతాను కొట్టుకొనకుండ కాచునవి ఇవియే. వాని గుర్తు ఫాక్సుపి3 అను మాంసకృత్తు. ఇది పైబిళ్ళ కాదు, కణములోపల నుండునది. ఈ కణములను గూర్చిన పరిశోధనకే 2025లో బ్రంకో, రామ్స్‌డెలు, సకగూచి అను మువ్వురికి నోబెలు బహుమానము వచ్చినది. పోరాటము నాపునవి పుండులో ఎక్కువైనచో రోగికి చెరుపు కలుగవలెను గదా! అనేక క్యాన్సరులలో అట్లే కలుగును. పెద్దప్రేగున మాత్రము, అవి ఎక్కువగా నున్న రోగులు మేలుగా జీవించిరని పలు పరిశీలనలలో తేలినది. కోట్లకొలది సూక్ష్మజీవులకు నెలవైన ఆ ప్రేగున మంటను చల్లార్చుటయే మేలగునేమో యని కొందరు ఊహించుచున్నారు. మ్రింగుడు కణముల విషయమునను ఇట్టి భేదాభిప్రాయములే యున్నవి. ఒకే బిళ్ళ ధరించిన వాడు ఒక ఊర ఒక విధముగను, వేరొక ఊర వేరొక విధముగను నడచుకొనుట మనుష్యులలో లేదా!

మరియొక విశేషము. కొన్ని పుండ్లచుట్టు కావలికణములు మిక్కిలి దట్టముగా చేరును. ఎందువలన? మన వార్షికసంచిక అచ్చగునప్పుడు తప్పులు దిద్దువాడొకడుండును. బెంగుళూరు అచ్చుకూటములలో తెలుగు రాని కార్మికుడు కూర్చిన పుటను వాడు చూడకపోయినచో ఎట్లుండునో మీరెరుగుదురు. కణము విభజనము నొందునపుడును దాని వంశలిపి ప్రతి వ్రాయబడును; తప్పులు దిద్దు మాంసకృత్తులు ఉండును. వానిలో ముఖ్యమైనవి నాలుగు: ఎం.ఎల్.హెచ్.1, ఎం.ఎస్.హెచ్.2, ఎం.ఎస్.హెచ్.6, పి.ఎం.ఎస్.2. వీనిలో ఏదేని చెడినచో తప్పులు కుప్పలుగా పేరుకొని, శరీరమెన్నడు చూడని వింత మాంసకృత్తులు పుట్టును. కావలికణములు వానిని పరాయివిగా గుర్తించి గుంపుగా వచ్చును. ఈ రోగులలో నూటికి 15 మందికి ఇట్టి పుండ్లుండును. తొలిదశలలో వీరి భవితవ్యము ఇతరులకంటె మేలు.

గుంపుగా వచ్చిన కావలివారు పుండును పూర్తిగా ఎందుకు చంపరు? క్యాన్సరు కణము వారి 'పి.డి.1' అను మీటను నొక్కి నిలిపివేయును. ఇట్టి మీటలను నొక్కనీయకుండ అడ్డగించు మందులకు మూలమైన పరిశోధనలకై ఆలిసను, హోంజో అను శాస్త్రజ్ఞులకు 2018లో నోబెలు బహుమానము లభించినది. 2022లో న్యూయార్కునందు, తప్పులు దిద్దు శక్తి చెడిన మలాశయపు క్యాన్సరు గల 12 మందికి ఇట్టి మందును ఆరునెలలు ఇయ్యగా, అందరికిని పుండు కంటికి కనబడకుండ మాయమైనది. కత్తి పెట్టలేదు, కిరణములు ప్రసరింపలేదు. తక్కిన నూటికి 85 పుండ్లకు ఈ మందు ఒంటరిగా పనిచేయుట అరుదు. అట్టివారికి మీటను వదలించుటకు ముందు కావలినే రప్పింపవలెను. నేటి పరిశోధనలలో అధికభాగము ఆ వెదకులాటయే.

ఇమ్యూనోస్కోరునకు యంత్రము, ఖర్చు కావలెను. అది అందరికి అందునది కాదు. తప్పులు దిద్దు నాలుగు మాంసకృత్తుల పరీక్ష అట్టిది కాదు. నేను పైన చెప్పిన గోధుమరంగు చుక్కల పద్ధతితోనే, పెద్ద ఆసుపత్రుల ప్రయోగశాలలలో, చిన్న ముక్కతోనే చేయవచ్చును. దాని ఫలితము రోగికి మాత్రమే చెందదు. ఆ లోపము కొందరిలో పుట్టుకతోనే వచ్చును. దానిని లించి లక్షణసముదాయ మందురు. తల్లికో తండ్రికో ఉన్నచో సంతానములో ప్రతివారికిని సగము అవకాశము. అందుచేత ఇంటిలో ఎవరికైన ఈ శస్త్రచికిత్స జరిగినచో, ఆ నాలుగు పేర్లు వ్రాసియున్న కాగితమును అడిగి తెచ్చుకొని, రేషను కార్డుతోను భూమి కాగితములతోను కలిపి భద్రపరుపవలెను. కొన్ని యేండ్ల తరువాత కుమారునికో కుమార్తెకో పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టవలెనని అడుగబోవునప్పుడు వైద్యుడు మొట్టమొదట ఆ కాగితమునే అడుగును.